బాబు డొక్కలో చేతికి తగిలింది

2022 ఎండాకాలం. కంకిపాడులో చంటిపిల్లలకు నీళ్లు పోయడమే నా పని. కాళ్లు చాపుకొని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి, ఆముదం పట్టించి, ఒళ్లంతా మర్దన చేసి పోస్తాను. నా బడి మూడో తరగతితో సరి. నూనె చుక్క నేలపాలు చేయను, పని మధ్య కబుర్లాడను.

సునీత కొడుక్కి ఏడాది నిండవస్తోంది. ఆమెకు మళ్లీ నెల తప్పింది. ఆ రోజు వాడి ఎడమ డొక్కలో నా అరచేతికి గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. వాడు ఏడవలేదు. నొప్పి లేని గడ్డ మంచిది కాదంటారు, అందుకే నాకు భయమేసింది.

"బల్ల పెరిగుంటుంది అక్కా. గట్టిగా నొక్కి కరిగించు," అంది సునీత అత్త మరియమ్మ. మా వైపు కడుపులో గడ్డను బల్ల అంటారు, దానికి చేయించే వైద్యం అదే.

"నేను నొక్కను. డాక్టరుకు చూపించండి."

"నీళ్లు పోసేదానివి, డాక్టరమ్మవి ఎప్పుడయ్యావే?"

"ఇప్పుడే. తువ్వాలు ఇలా తే."

బెజవాడలో స్కాన్ తీసి, కిడ్నీలో క్యాన్సర్ గడ్డ అన్నారు. గట్టిగా నొక్కితే చిట్లి కడుపంతా పాకేదట. ఆ మాటకు మరియమ్మ గోడకు చేరగిలబడిపోయింది. ఆ కిడ్నీ తీసేశారు, మందులు ఎక్కించారు. తర్వాత జీన్ టెస్ట్ చేశారు. అంటే, జబ్బు తల్లిదండ్రుల నుంచి వచ్చిందేమోనని బాబు రక్తంలో, వాళ్ల రక్తంలో వెతకడం.

ఫలితం చెప్పే రోజు సునీత నన్నూ తీసుకెళ్లింది.

"బాబు జీన్‌లో ఒక మార్పు కనిపించిందమ్మా. నీకూ ఉంది. అది జబ్బు తెచ్చేదో, ఊరికే ఉండేదో చెప్పలేం," అన్నారు డాక్టరుగారు.

"ఎందుకు చెప్పలేరండీ?" అన్నాను.

"ఈ పరీక్షలు ఎక్కువగా తెల్లవాళ్ల పిల్లలకే జరిగాయండీ. మన పిల్లలవి బాగా తక్కువ. దేనితో పోల్చి చెప్పమంటారు?"

సునీత పొట్ట మీద చేయి వేసుకుంది. "మరి ఈ బిడ్డ సంగతేంటండీ?"

"పుట్టాక స్కాన్లు తీస్తూ కనిపెట్టుకొని ఉందాం."

ఆడపిల్ల పుట్టింది. నీళ్లు పోసినన్నాళ్లూ సునీత పక్కనే కూర్చుని నా ముఖమే చూసేది.

"ఏమన్నా తగిలిందా పెద్దమ్మా?"

"లేదు."

బాబు కోలుకున్నాడు. ఇద్దరికీ స్కాన్లు తీస్తూనే ఉన్నారు. స్కాన్ బాగుందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

నా చేతికి తెలివి వచ్చింది ఈ ఊరి పిల్లల్ని తడిమి తడిమి. తడమని బిడ్డ సంగతి ఎంత చదివిన చేయైనా చెప్పలేదు. అందుకే, మన పిల్లల మీద పరిశోధనకు రక్తం ఇస్తారా అని ఆసుపత్రిలో అడిగితే, మరియమ్మ వద్దన్నా, "ఇవ్వవే" అన్నాను సునీతతో.

ఇప్పుడు ఏ బిడ్డ కడుపూ నేను నొక్కను. అరచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఏమీ తగలకూడదని దణ్ణం పెట్టుకుంటాను.