వీధంతా సున్నం, ఒక్క గోడ తప్ప

హైదరాబాదులో మా ఇంటికి ఫోను వచ్చిన కొత్త. అది మోగితే ఎత్తేది నేను, మోగకపోయినా చేతిలో పట్టుకుని కూర్చునేది నేను. అందుకే ఆదోని నుంచి వచ్చిన ట్రంకు కాలు అమ్మ కంటే ముందు నా చెవినే పడింది. చేసింది మా పిన్ని పక్కింటి హుసేన్ బీ.

"మీ టీచరమ్మ ఇంటి గోడ మీద ఏందేందో రాసినారప్పా. ఆయమ్మ తలుపు తీసేదే లేదు. ఎవురైనా రాండి," అని పోస్టాఫీసులో నుంచి అరిచి పెట్టేసింది.

మా పిన్ని సుశీల ఎమ్మిగనూరులో టీచరు. బాబాయి పోయాక ఆదోనిలో ఒంటరిగా ఉంటూ రోజూ బస్సులో బడికి పోయి వస్తుంది. అమ్మకు ఒంట్లో బాగాలేదు కాబట్టి నేను బయల్దేరాను. "పోయి కొట్లాడకురా," అంది అమ్మ. నేను పోయేదే అందుకని చెప్పలేదు.

పొద్దున ఆరింటికి గౌలిగూడలో కర్నూలు బస్సు ఎక్కాను. మధ్యాహ్నానికి కర్నూలు చేరి, బస్టాండులో పులిసిన పెరుగన్నం తిని, ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కోడుమూరు దాటాక రెండు పక్కలా నల్లరేగడి, పత్తి చేలు. నా పక్కనున్న పత్తి దళారి వక్కాకు నములుతూ మాట కలిపాడు.

"ఆదోనిలో ఎవురుండారప్పా?"

"మా పిన్ని. పత్తి మిల్లు వెనక వీధి."

"ఓ, ఆ గోడ ఇల్లా?" అన్నాడు చాలా మామూలుగా.

లేచి వెనక సీటుకు పోయాను. నేను కొట్లాట మానుకున్నది ఆ ప్రయాణంలో అదొక్కసారే.

సాయంత్రం ఐదింటికి ఆదోనిలో దిగాను. ఆ వీధిలో ఖాళీ గోడంటూ లేదు. ఎలక్షను గుర్తులు, చిరిగిన సినిమా పోస్టర్లు, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, పళ్లపొడి, మూలశంక మందు. పిన్ని గోడ మీద మాత్రం తారుతో రాశారు. పిన్ని పేరు, ఆమె హెడ్మాస్టరు పేరు, మధ్యలో ఒక మాట. ఆ మాట ఇక్కడ రాయను. రాస్తే వాడి పని నేను కాగితం మీద చేసినట్టే.

పిన్ని తలుపు సందు చేసి నన్ను లోపలికి లాగి మళ్లీ గడియ పెట్టింది. బడికి పోయి వారమైందట.

"ఎవరు రాశారు?"

"తెలిస్తే మాత్రం?" అంది.

మర్నాడు పొద్దున నేనే కొట్టుకు పోయి సున్నం, కుంచె తెచ్చాను. గోడంతా రెండు పూతలు వేశాను. పదింటికల్లా ఎండ కాసింది, సున్నం ఆరింది, తారు మళ్లీ పైకి తేలింది. తెల్లటి గోడ మీద నల్లటి అక్షరాలు ఇదివరకటి కంటే బాగా కనబడుతున్నాయి. అంతకుముందు చూడకుండా పోయేవాళ్లు కూడా సైకిళ్లు ఆపి చదువుతున్నారు. పిన్ని తలుపు వెనక నుంచి, "చాలు నాయనా, నువ్వు పూసింది సున్నం కాదు, చాటింపు," అంది.

మండిపోతూ మున్సిపల్ ఆఫీసుకు నడిచాను. ఆ ఆఫీసు గోడ మీదే మూడు పార్టీల నినాదాలున్నాయి. లోపల శానిటరీ ఇన్‌స్పెక్టరు కాఫీ తాగుతున్నాడు.

"గోడ రాతలకు మా దగ్గర పద్దు లేదప్పా," అన్నాడు.

"మరి ఊళ్లో గోడలు ఎవరివి?"

"రాసేటప్పుడు అందరివీ. చెరిపేటప్పుడు ఎవురివీ గావు." తన మాటకు తనే నవ్వాడు. నేను బల్ల గుద్దాను. కాఫీ తొణికింది. నా మొహం చూసి కాస్త తగ్గాడు. "పీర్ల పండగొస్తాంది. పండగ కింద సున్నమిస్తా, తారు గీకను మేస్త్రీని పంపిస్తా. పని మాత్రం మీ వీధోళ్లే చేసుకోవల్ల. ఒక్క గోడకైతే ఇయ్యను, వీధికంతా అయితే ఇస్తా."

ఆ మాట నాకు నచ్చింది. గోడలన్నీ తెల్లబడితే ఏ గోడ మీద ఏముండేదో ఎవరికి గుర్తుంటుంది?

ఆ సాయంత్రం హుసేన్ బీ అరుగు మీద వీధి వాళ్లు కూర్చుంటే సున్నం సంగతి చెప్పాను. ఆమె ఆ అరుగు మీదే రోజూ పొద్దున ఉగ్గాని, బజ్జి అమ్ముతుంది. ఆదోని పోయినవాళ్లు తినాల్సిందే, ఆలస్యమైతే దొరకదు. మార్కెట్లో పత్తి బేళ్లు మోసే మద్దిలేటి అందరికంటే ముందు ఒప్పుకున్నాడు.

"పీర్లు లేచే వీధి ఇట్లుంటే బాగుంటాదా? అన్నీ గీకి పారేస్తాం. ఏ పార్టీవోడొచ్చి అడుగుతాడో సూస్తా."

"నీ గోడ మీద గుర్తు రాసినోనికి నువ్వే గదరా నిచ్చెన పట్టినావు!" అంది హుసేన్ బీ.

"పట్టినా. ఇప్పుడు గీకను గూడా నేనే పడ్తా. నిచ్చెన అదే గదమ్మీ!"

అందరూ నవ్వారు. గంట సేపు మాట్లాడారు. పిన్ని పేరు గానీ, ఆ గోడ ఊసు గానీ ఒక్కరూ ఎత్తలేదు. "వీధి గోడలు" అన్నారు, అంతే. ఎంత మర్యాద అనుకున్నాను. మా హైదరాబాదులో అయితే ఈపాటికి కథలల్లేవాళ్లు.

మర్నాడు వాళ్లు పనిలో దిగుతుండగా నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను, హెడ్మాస్టరును కలవడానికి. రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు.

"ఆయమ్మ మంచి టీచరప్పా. అయితే ఆ గోడ సంగతి సల్లబడేదాకా ఈడికి రాకుంటేనే మేలు. పిల్లోళ్ల ఇండ్లల్లో అడుగుతాండారు."

"గోడ మీద మీ పేరు కూడా ఉంది కదా సార్. మీరెందుకు వస్తున్నారు?"

ఆయనకు నిజంగానే ప్రశ్న అర్థం కాలేదు. కాసేపు ఆలోచించి, "నేను మగోన్ని గదప్పా," అన్నాడు.

టీ తాగకుండా లేచాను. "ఈ సాయంత్రానికి ఆ గోడ తెల్లగా ఉంటుంది. సోమవారం మా పిన్ని బడికొస్తుంది," అన్నాను.

"గోడ బాగుపడితే రానీప్పా, నాకేమి అభ్యంతరం?"

బస్టాండుకు నేతవాళ్ల వీధి గుండా నడిచాను. వీధి పొడుగునా నూలు పడుగు చాచి గంజి పెట్టి ఆరబెడుతున్నారు. ఇటుపక్కా అటుపక్కా గోడల మీద ఒక్క అక్షరం లేదు. ఆగి అడిగాను. పడుగు సర్దుతున్న ముసలామె చెయ్యి ఆపకుండా జవాబిచ్చింది.

"రంగు డబ్బా పట్టుకోనొస్తే కాళ్లిరగ్గొడ్తాం. ఒక్క సుక్క పడితే పడుగంతా పాయె. ఎవురి గోడయితేనేమి, పడుగు అందరి ముందరా ఉండాది గదా!"

బస్సులో దారంతా ఆ మాటే తలుచుకున్నాను. మా వీధి కూడా ఈరోజు అట్లాంటి వీధి అయిందనుకున్నాను.

ఐదింటికి దిగాను. వీధి మొదట్లో కళ్లు చెదిరాయి. ఆ మూల నుంచి ఈ మూల దాకా తెల్లగా మెరుస్తోంది. గుర్తుల్లేవు, త్రికోణాల్లేవు, మూలశంక లేదు. పిల్లలు చేతులకంటిన సున్నం ఒకరి మొహాలకు ఒకరు పూసుకుంటున్నారు. మధ్యలో పిన్ని గోడ ఉన్నది ఉన్నట్టే ఉంది. వీధి మొత్తానికి చదవడానికి ఇక అదొక్కటే మిగిలింది.

"ఏం మద్దిలేటన్నా, ఈ గోడ?"

తల మీద సున్నంతో నవ్వుతూ ఎదురొచ్చిన మద్దిలేటి నవ్వు ఆపేశాడు. "టీచరమ్మను అడగల్ల గదప్పా. అడక్కుండా ఒకరి గోడ ముట్టుకుంటామా?"

"అడగొచ్చు కదా? తలుపు తట్టొచ్చు కదా!"

"తట్టి ఏమనల్ల? 'అమ్మా, నీ గోడ మీద ఆ మాట గీకుతాం' అనల్లనా? ఆడకూతురితో ఎట్లంటామప్పా? ఇంగోటి, ఒంటిగా ఉండే ఆయమ్మ వాకిట్లో గంట సేపు నేను నిలబడితే, రేపు నా పేరు గూడా రాస్తారు."

మేస్త్రీ ప్రతి తలుపూ తట్టి అడిగాకే గీకాడట. ఈ తలుపు దగ్గరికి వచ్చేసరికి అందరూ నేల చూశారట. అతను పక్కింటికి పోయాడు.

"నేనైనా పిలుద్దామనుకుంటినప్పా," అంది హుసేన్ బీ. "ఆయమ్మ మొగం సూసి ఆ మాట ఎత్తేదెట్లా? నోరు రాలే."

నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు, అది ఇంకా మండించింది. అరుగు మీదున్న తాపీ తీసుకుని గోడ మీద పడ్డాను. ఇంతలో తలుపు గడియ చప్పుడైంది. పిన్ని బయటికొచ్చింది. వీధి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది. చివరగా తన గోడ చూసింది. నా చేతిలో తాపీ తీసుకుంది.

"నా పేరు నేను గీక్కుంటాలే," అంది.

మద్దిలేటి తల దించుకుని లోపలికి పోయాడు. హుసేన్ బీ పిల్లల్ని లోపలికి పిలుచుకుంది. తలుపులు ఒక్కొక్కటే మెల్లగా, చప్పుడు కాకుండా మూసుకున్నాయి. పిన్నిని చూడకూడదని, ఆమెకు సిగ్గవుతుందని. ఆమె గీకుతున్నంత సేపూ వీధిలో మేమిద్దరమే. తారుతో పాటు గార కూడా ఊడింది. పైన నేను సున్నం పూశాను, కానీ గుంటల్లో అక్షరాల ఆకారం పోలేదు.

పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సెక్కాం. పిన్ని కాగితం సిద్ధంగా పెట్టుకుంది, కర్ణాటక సరిహద్దు పక్కనున్న హొళగుందకు బదిలీ చేయమని.

"సోమవారం బడికి పోవచ్చు పిన్నీ. ఆయన ఒప్పుకున్నాడు."

"బడికి పోవచ్చు. సాయంత్రం ఇంటికి ఎట్ల రావల్ల?"

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మళ్లీ తనే అంది: "హొళగుందలో గోడల మీద కన్నడంలో రాస్తారంట. నాకు చదవను రాదు." నవ్వింది కూడా. ఎమ్మిగనూరులో దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. నేను అదే బస్సులో కర్నూలు దాకా వచ్చాను.

గోడలు శుభ్రం చేసుకోవాలనుకునే ఊళ్లకు నేను చూసింది చెబుతాను. మున్సిపాలిటీ సున్నం ఇస్తుంది, గట్టిగా అడిగితే మేస్త్రీనీ ఇస్తుంది. వీధి తన చేతులిస్తుంది. అన్నీ సమకూరాక కూడా ఒక తలుపు తట్టే మనిషి కావాలి. ఆ మనిషి ఏ పద్దు కిందా రాడు.

ఆదోని పోతే పత్తి మిల్లు వెనక వీధి చూడండి. పీర్ల పండక్కి అంత తెల్లటి వీధి ఆ ఊళ్లో ఇంకోటి ఉండదు. మధ్యలో ఒక గోడకు గుంటలుంటాయి. అవేమిటని ఎవరినైనా అడగండి, ఎవరూ ఏమీ చెప్పరు. చాలా మర్యాదస్తులు.