పిచ్చుకలకు టు-లెట్

పోయిన నెల మా ఓనర్ తాత పోయారు. మధ్యాహ్నం భోంచేసి, చేతిలో సుత్తితోనే కుర్చీలో కునుకు తీశారు, ఇక లేవలేదు. మేడమీంచి పరుగున దిగి నాడి చూశాను. నర్సును కదా, చేయి పట్టుకోగానే తెలిసిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. తొమ్మిదేళ్ళ కిందట మారతహళ్ళిలో ఇంటికోసం నెల రోజులు తిరిగాను. ఒంటరి ఆడపిల్ల, నైట్ డ్యూటీలు, ఆదివారం కోడికూర. ఎవరిస్తారు? ఒక సందులో గేటు పక్క చెట్టుకు "టు-లెట్" అని కనపడితే ఆత్రంగా గేటు కొట్టాను.

"తాతా, ఇల్లు ఖాళీగా ఉందా?"

ఆయన నన్ను చూసి, చెట్టును చూసి, పగలబడి నవ్వారు. "ఖాళీగానే ఉండాదిమ్మా. కానీ నువ్వు పట్టేది కష్టం!"

అది పాత బోర్డు కోసి చేసిన పిచ్చుక గూడు! సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనే లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, మేడమీద గది చూపించారు. కులం, చర్చి, కూర, ఏదీ అడగలేదు. అదేంటని నేనే అడిగాను.

"పిచ్చుకనేమన్నా అడిగితినా, నిన్ను అడిగేకి?"

చిక్కపేటలో హార్డ్‌వేర్ అంగడిలో పనిచేసి మానుకున్న మనిషి. వీధిలో ఎవరేం పారేసినా ఆయనకు పండగే. మామిడిపండ్ల పెట్టెలు, విరిగిన అలమర తలుపులు, గాలికి ఊడిపడిన టు-లెట్ బోర్డులు, అన్నీ ఆయన చేతిలో పిచ్చుక గూళ్ళయిపోయేవి. కొత్త చెక్క కొందామంటే కసిరేవారు. "పాత చెక్క మనుషుల్ని చూసి ఉండాదిమ్మా, అదే మేలు." గూటి రంధ్రం రెండువేళ్ళు పట్టేంతే ఉండాలి, పెద్దదైతే గోరింకలు దౌర్జన్యం చేస్తాయట. ఒకసారి ఉడుత ఒకటి రంధ్రాన్ని కొరికి పెద్దది చేసుకుని కాపురం పెట్టింది.

"నీ బాడుగోడు వాకిలి పగలగొట్టినాడు చూడయ్యా!" అని అవ్వ, అంటే ఆయన భార్య, కేకేసింది.

"ఉండనీలేమ్మీ, పిల్లలుండాయేమో" అన్నారాయన.

పిచ్చుక గూట్లోకి గడ్డి చేరవేసిన రోజు ఆయన హడావిడి చూడాలి. పిట్ట బయటికి పోయిన అదను చూసి, స్టూలెక్కి, రంధ్రం పైన ఎర్ర పెయింటుతో బొట్టు పెట్టేవారు. "గృహప్రవేశం అయిపాయె!" అనగానే అవ్వ అందరికీ బెల్లం ముక్క పంచాలి.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన పోయిన దుఃఖంలోనే నాకు ఇంటి బెంగ కూడా పట్టుకుంది. ఇల్లిచ్చిన మనిషే లేడు, మళ్ళీ గేట్లు కొట్టాలా? దినాలయ్యాక ఉండబట్టలేక అడిగేశాను.

"అవ్వా, నేను వేరే ఇల్లు చూసుకోవాలా?"

"నీకేమన్నా తిక్కా? స్టూలేసుకోని నీ వాకిలి పైన చూడుపో."

ఎక్కి చూశాను. ద్వారబంధం పైఅంచున, కింద నిలబడితే కనపడని చోట, మందంగా దుమ్ము. చున్నీతో తుడిచాను. ఎర్ర పెయింటు బొట్టు!

"నువ్వు సామాను దించిన పొద్దే పెట్టినాడు" అంది అవ్వ కిందనుంచి. "చర్చికి పొయ్యే బిడ్డ, ఏమనుకుంటాదో అని అంత పైన పెట్టినాడు. ఆ పొద్దు నీకు బెల్లం కూడా ఇస్తి గదా, మర్చిపోతివా?"

మర్చిపోలేదు. ఎందుకిచ్చారో తెలియక అప్పుడు ఊరికే చప్పరించేశాను. స్టూలు మీదే నిలబడి, ఆ బొట్టు మీద వేలుంచి, నవ్వుతూనే ఏడ్చాను. గేటు పక్క చెట్టు మీద, టు-లెట్ గూట్లో పిచ్చుకలు ఒకటే గోల.