పొగ రాని కొలిమి

పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగలో పెరిగిన మనిషికి ప్రమాదమేదో ముక్కే చెబుతుంది. కళ్లు మండితే పక్కకు జరగాలి. గొంతు పట్టేస్తే బయటికి రావాలి. అబ్దుల్ గఫార్‌కి వాళ్ల నాన్న నేర్పిన విద్య అదే.

నలభై దాటాక నరసరావుపేట శివార్లలో కొత్తగా పెట్టిన సిరామిక్ ఫోమ్ ఫ్యాక్టరీలో చేరాడు. సిలికోన్ రెజిన్ అనే జిగురులో నురుగొచ్చే మందు కలిపి, ట్రేల్లో పోసి ఓవెన్లో పెడితే బన్నులా పొంగి గట్టిపడుతుంది. దాన్ని ఫర్నేసులో కాలిస్తే నల్లటి రాయవుతుంది. ఒళ్లంతా బొక్కలే, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. లోహాలు పోతపోసేవాళ్లు కరిగిన లోహాన్ని వడకట్టుకోవడానికి కొంటారు. కాలేటప్పుడు గాలి తగిలితే సరుకు పాడవుతుందని ఫర్నేసులోకి నైట్రోజన్ వదులుతారు.

"మేం రాళ్లతో బన్నులు చేస్తాం" అనేవాడు గఫార్ బడ్డీకొట్టు దగ్గర.

"ఏదీ, ఒకటి తిని చూపించు" అనేవాళ్లు.

"ముందు నీకు పెడతా. నీ పళ్లు ఉంటే నేనూ తింటా."

భార్య జైనాబ్ బీకి ఆ పని నచ్చింది. ఆయన చొక్కా ఉతికితే బక్కెట్లో నీళ్లు సున్నంలా మారడం మానేశాయి. దగ్గూ తగ్గింది.

ఫర్నేస్ గది గోడకి ఒక మీటర్ ఉండేది. లోపల ప్రాణవాయువు తగ్గితే మోగుతుంది. మాటిమాటికీ మోగి పని ఆగిపోతోందని దాని వైరు పీకేశారు. గాలిని బయటికి లాగే ఫ్యాన్ కాలిపోతే మళ్లీ పెట్టలేదు. గఫార్ అడగలేదు. పొగ లేదు, వాసన లేదు, ముక్కు ఏమీ చెప్పలేదు. నైట్రోజన్ విషమూ కాదు, మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. కానీ మూసిన గదిలోకి కారిందంటే ప్రాణవాయువుని నెట్టేస్తుంది. మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, నిలబడ్డచోటే కూలిపోతాడు. ఈ రెండు ముక్కలు తెలుగులో రాసి ఆ తలుపుకి తగిలించాలని ఎవరికీ తోచలేదు.

శుక్రవారం పొద్దున ట్రేలు తీయడానికి గఫార్ లోపలికెళ్లాడు. అక్కడే పనిచేసే తమ్ముడు అమ్జద్ చూసి, తనకీ కళ్లు తిరుగుతున్నా కాళ్లు పట్టి బయటికి లాగాడు. అప్పటికే అయిపోయింది.

ఫ్యాక్టరీ ఓనర్ శేషగిరిరావు తానే శవాన్ని ఇంటికి తెచ్చాడు. గుండెపోటన్నాడు. శవానికి చుట్టే కఫన్ బట్ట కూడా కొనుక్కొచ్చాడు.

"మీలో ఆలస్యం చేయకూడదు కదా చెల్లెమ్మా. సాయంత్రం నమాజుకల్లా కానిద్దాం" అన్నాడు.

చనిపోయినవాణ్ణి తొందరగా సాగనంపాలన్న ఆచారం ఆయనకి అలా కలిసొచ్చింది.

జైనాబ్ అమ్జద్‌ని వంటింట్లోకి పిలిచింది.

"మీటర్ మోగలేదా?"

"వైరు పీకేసి చానా రోజులైంది వదినా."

"రేపు ఆ గదిలోకి ఎవరు పోతారు?"

అతను తల దించుకున్నాడు. "నన్నే పొమ్మన్నారు. సరుకు లోపలే ఉండిపోయిందంట."

"స్టేషన్‌కి పో. పోస్టుమార్టం కావాలని చెప్పు."

అత్తగారు గుమ్మంలోనే ఉంది. "ఏమే, నా బిడ్డని కోయిస్తావా? అల్లా దగ్గరికి కుట్లేసి పంపుతావా?"

"నీకు ఇంకో బిడ్డ ఉన్నాడు అత్తా."

"వీడి పేరు చెప్పి వాణ్ణి కోస్తావా?"

జైనాబ్ బండి తాళం తీసి అమ్జద్ చేతిలో పెట్టింది.

శేషగిరిరావు కూడా నచ్చజెప్పబోయాడు. "పోయిన మనిషిని కోస్తే ఏమొస్తుందమ్మా?"

"ఎందుకు పోయాడో తెలుస్తుంది అన్నా."

అమ్జద్ బండి తీశాడు. పోలీసు జీపు వచ్చేసరికి చావుకి వచ్చి వీధిలో కూర్చున్నవాళ్లలో సగం మంది లేచి వెళ్లిపోయారు. మొగుడు పోయిన ఆడదానికి అంత మొండితనమేందని ఒకామె పైకే అంది.

మర్నాడు మధ్యాహ్నం శవాన్ని ఇచ్చారు. గుండె బాగానే ఉందని, ఊపిరి అందక పోయాడని డాక్టర్ చెప్పాడు. అధికారులు వచ్చి ఫర్నేస్ గదికి సీలు వేశారు. అమ్జద్‌తో పాటు అందరి పనీ ఆగిపోయింది.

ఆఖరి స్నానం చేయిస్తున్న మగవాళ్లకి జైనాబ్ లోపల్నుంచే చెప్పింది, కుట్ల మీద నీళ్లు మెల్లగా పోయమని. చివరిచూపుకి పిలిస్తే అత్తగారు రాలేదు.

"నేను కన్నప్పుడు వాడి ఒంటి మీద ఒక్క గాటు లేదు" అంది గోడకి తిరిగి.

అమ్జద్ అన్న జనాజా పాడెకి భుజం పట్టి నడిచాడు. వాళ్లు వీధి మలుపు తిరిగాక జైనాబ్ పళ్లెంలో అన్నం కలిపి అత్తగారి ముందు పెట్టింది. ముసలామె తిన్నది. ఆరోజు మాట్లాడలేదు. ఇప్పటికీ కోడలితో మాట్లాడదు.