నిలబడి అరిగిన లారీ

సిద్దిపేటలో పాత లారీ కొనేవాళ్లు మీటరును నమ్మరు, నజీర్ మేస్త్రీ అరచేతిని నమ్ముతారు. ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు. హకీము నాడి పట్టినట్టే, కాకపోతే ఏ హకీమూ ఇంత మసితో ఇల్లు చేరడు. ఆరోజు పక్కన నిలబడ్డది చిన్నకోడూరు అంజన్న. బండి కోసం ఎద్దులను అమ్ముకుని వచ్చాడు. ఇది ముంచితే ఇక దున్నడానికీ ఏమీ లేదు. ఎక్కువ తిరగని బండిలా పెడల్ రబ్బరు అరగలేదు గాని, ఇంజను అరిగినట్టు అరచేతికి వేడి పొగ ఆయాసంగా కొట్టింది.

"తిరిగి అరగలే అంజన్నా, నిలబడి అరిగింది. ఎవడో ఇంజను బంద్ చెయ్యకుండ ఏండ్లకేండ్లు ఉంచిండు. తీస్కోకు."

"ఎవడు భాయ్, గసొంటి పిచ్చోడు?"

నజీర్ క్యాబిన్ ఎక్కి తలుపు లోపలివైపు తడిమాడు. కొత్త రంగు కింద బీడీలు నలిపిన గుంటలు వేలికి తగిలాయి. నాగపూర్‌లో జ్వరంతో పోయిన తమ్ముడు అజ్మత్‌వి అవి. సేటు దగ్గర డ్రైవరుగా నడిపిన ఈ లారీనే వాకిట్లో ఇంజను ఆపకుండా వదిలి అన్నానికి కూర్చునేవాడు. బంద్ చెయ్‌రా అని నజీర్ అంటే, "రెండు నిమిషాలే భాయ్" అనేవాడు.

"ఇగ బంద్ చెయ్యి భాయ్, పోదాం," అన్నాడు కింద నుంచి అంజన్న.

నజీర్ ఇంజను ఆపే తీగ పట్టుకున్నాడు గాని లాగలేదు.

"రెండు నిమిషాలు," అన్నాడు.