సోనీబాయి విడదీసిన రంగులు

మూడేళ్ల కింద, ఎండలు ముదురుతున్న రోజులు. నారాయణఖేడ్‌లో బస్ డిపోకు పోయే దారిలో నాది స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం. పెళ్లి సంచులు, చర్చి సభలకు టీషర్టులు, కబడ్డీ జట్లకు జెర్సీలు అచ్చు వేస్తాను. అప్పటికే పద్దెనిమిదేళ్ల నుంచి ఇదే పని. ఒకటి రెండు రంగులైతే నాకు లెక్క కాదు. రంగులు ఎక్కువైతే మాత్రం హైదరాబాద్‌లో ఒకాయన మీద ఆధారపడేవాణ్ణి.

స్క్రీన్ ప్రింటింగ్‌లో బొమ్మ మొత్తం ఒకేసారి అచ్చుపడదు. ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్మ్ తీయాలి, ఒక్కో ఫిల్మ్‌తో ఒక్కో స్క్రీన్, అంటే రంగు దిగే జాలీ చట్రం, తయారు చేయాలి. బొమ్మను అట్లా రంగులవారీగా విడదీయడాన్ని కలర్ సెపరేషన్ అంటాం. ఆ పని ఆయన చేసి, ఫిల్ములు బస్సులో పంపేవాడు. ఆ ఏడు ఆయన దుకాణం మూసేశాడు. ఇగ నేనే సాఫ్ట్‌వేర్ కొనుక్కోక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే సిర్గాపూర్ దిక్కు ఒక తండా నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకరు మహిళా సంఘం నడిపే కవిత, ఇంకొకరు ఆమె అత్త సోనీబాయి. పట్నంలో ఒక దుకాణం వాళ్లకు మూడు వందల గుడ్డ సంచులు చెప్పింది. ప్రతి సంచి మీదా లంబాడీ కుట్టు బొమ్మ ఉండాలి. అన్నీ చేత్తో కుట్టడానికి వ్యవధి లేదు. అందుకని బొమ్మ అచ్చు వేయించి, అంచుకు మాత్రం అద్దాలు చేత్తో కుడతామని ఒప్పించుకుని వచ్చారు. బయటి నుంచి సంఘానికి వచ్చిన మొదటి పని అది. ఇది చెడిపోతే మళ్లీ ఎవరూ అడగరని కవిత భయం.

సోనీబాయి మడతపెట్టిన గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. మెరూన్ మీద ఎర్ర పువ్వులు, చుట్టూ పసుపు, పచ్చ, నీలం గళ్లు, నడుమ నడుమ నలుపు, తెలుపు గీతలు. అరవైకి దగ్గరపడిన మనిషి, అంత సన్నని కుట్టు ఎట్లా వేసిందో అనుకుంటూ చాలాసేపు చూశాను.

"ఇది నా చేతి పని తమ్మీ. ఖరాబు చెయ్యకు," అన్నది.

అప్పుడు నా కంప్యూటర్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు, కొనేముందు వాడి చూడటానికి, ట్రయల్ మీద ఉన్నాయి. మొదటిదాంట్లో ఒక్క బటన్ నొక్కితే చాలు, అంతా అదే చేసుకునేది. బొమ్మను సన్నని చుక్కలుగా మార్చేది. దాన్ని హాఫ్‌టోన్ అంటారు. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి, దారం నీడలు కూడా కనిపించేవి. కంప్యూటర్ తెర మీద అచ్చం కుట్టులాగే ఉంది. ఇదే కొనాలని మనసులో అనుకున్నాను. సంచులకు వాడే మందపాటి కోరా గుడ్డ మీద ఒక నమూనా వేసి వాళ్లను పిలిపించాను.

కవితకు నచ్చింది. సోనీబాయి మాత్రం గుడ్డ పట్టుకుని బయట ఎండలోకి పోయింది. కాసేపు దగ్గరగా పెట్టుకుని చూసింది, చెయ్యి చాచి దూరం పెట్టి చూసింది. లోపలికి వచ్చి గుడ్డ నా ముందర పెట్టింది.

"ఇది కుట్టు కాదు. కుట్టు ఫోటో."

"అసలుదానికి దగ్గరగనే ఉంది గదా అక్కా?"

"మా కుట్టుల రంగుల రంగు కలుస్తదా? ఒకదాని పక్కకు ఒకటి ఉంటది, గంతే. నువ్వు అన్నీ కలిపి బురద చేసినవ్."

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. భూతద్దం పెట్టి చూశాను. ఆమె చెప్పింది నిజం. కోరా గుడ్డ ముతక పోగుల్లో చుక్కలు పాకి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా నేను కంప్యూటర్‌లో బొమ్మను చూసి మురిశాను గానీ గుడ్డను చూడలేదు.

రెండో సాఫ్ట్‌వేర్ తెరిచాను. అందులో చుక్కలు లేవు. ఒక్కో రంగు విడిగా, నిండుగా వస్తుంది. స్పాట్ కలర్ అంటాం. దాంట్లో పని ఎక్కువ, ప్రతిదీ మనమే చెప్పాలి. బొమ్మలో ఎనిమిది రంగులున్నాయని ఎనిమిది గడులు చూపించింది. నా మిషన్ ఆరు రంగులకే. మొదటి సాఫ్ట్‌వేర్ ఆరుకు కుదించినప్పుడు ఎరుపును, మెరూన్‌ను తనంతట తానే ఒకటి చేసింది. రెండూ దగ్గరి రంగులు కాబట్టి నేను కూడా అదే చేయబోయాను.

పక్కన స్టూల్ మీద కూర్చున్న సోనీబాయికి అక్షరాలు రావు. కానీ ఆ గడులేందో చెప్పకముందే అర్థమయ్యాయి.

"అవ్విటిని కలపకు. ఇది నేల, అది పువ్వు. రెండు ఒకటైతే పువ్వు ఏడుంటది?"

"మరి రెండు తగ్గాలె అక్కా."

ఆమె నీలం గడుల మీద వేలు పెట్టింది. "ఇవి రెండెందుకు? కుట్టంగ కుట్టంగ ఒక దారం అయిపోయింది, ఇంకో నీలం పెట్టిన. రెండు ఒకటే."

కంప్యూటర్ ఎంతో జాగ్రత్తగా విడదీసి పెట్టిన ఆ రెండు నీలాలు, దారం సరిపోక వచ్చినవి. నాకు నవ్వొచ్చింది, ఆమె కూడా నవ్వింది. ఒక నీలాన్ని ఇంకోదాంట్లో కలిపాను.

"ఇంకోటి?"

"గీ తెల్లది అచ్చెందుకు తమ్మీ? మీ గుడ్డనే తెల్లగుంది గదా. ఆడ ఇడిసిపెట్టు."

తెలుపు గడిని తీసేశాను. గుడ్డను కూడా ఒక రంగుగా వాడుకోవడం మా పనిలో మంచి పనివాళ్లు చేసేదే. నాకు తెలియనిది కాదు, తోచలేదు. ఆమెకు మా పని తెలియదు, అయినా తోచింది. కుట్టేటప్పుడు ఎక్కడ దారం వేయాలో, ఎక్కడ గుడ్డను వదిలేయాలో నలభై ఏళ్లు చూసిన కన్ను అది.

ఆరు ఫిల్ములు తీసి, ఆరు స్క్రీన్లు చేసి నమూనా వేశాను. సోనీబాయి మళ్లీ ఎండలోకి తీసుకుపోయింది. తిరిగి వచ్చి, తన కుట్టు గుడ్డ పక్కన దాన్ని పరిచి, రెండింటి మీదా అరచేత్తో రాసింది.

"ఇగ నడువనీ," అన్నది.

నేను రెండో సాఫ్ట్‌వేరే కొన్నాను. సంచులు గడువులోపలే పోయాయి. ఆ దుకాణం మళ్లీ పని చెప్పింది. అచ్చు బాగుందని వాళ్లు అన్నారని కవిత ఫోన్ చేస్తే, ఆ మాట మీ అత్తకు చెప్పమన్నాను.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని జహీరాబాద్ నుంచి, బీదర్ నుంచి ప్రింటర్లు అడుగుతుంటారు. ఏ గుడ్డ మీద వేస్తావని ముందు అడుగుతాను. ఏ రంగును ఏ రంగులో కలపాలో మనల్ని చెప్పనిచ్చేదే కొనమంటాను. రెండు రంగులు ఎంత దగ్గరున్నాయో కంప్యూటర్ కొలవగలదు. వాటిలో ఏది పోతే బొమ్మ పోతుందో ఆ బొమ్మ తెచ్చిన మనిషికే తెలుసు. అందుకే ఇప్పుడు ఎవరు పని తెచ్చినా, కంప్యూటర్ ఆన్ చేయకముందే వాళ్లను కూర్చోబెట్టి, ఇందులో పోకూడని రంగు ఏదని అడుగుతాను. కొందరు నవ్వుతారు. చాలామంది మాత్రం కాసేపు బొమ్మకేసి చూసి, వేలు పెట్టి చూపిస్తారు.