గోడ అవతలి ఆమేన్

మెట్టచేలలో జొన్న పండే రోజుల్లో పుట్టి, కాలువ నీళ్లు వచ్చి ఆ జొన్నచేలన్నీ వరిమళ్లుగా మారిన రోజుల్లో కాపురానికి వచ్చి, కొత్త రాష్ట్రం వచ్చిన సంబరంలో వీధితో పాటు తానూ నెత్తిన గులాల్ చల్లుకొని, ఇప్పుడు మనుమరాలు ప్రవళిక ఫోనులో వినిపించే కీర్తనకు రోటి దగ్గర నిలబడి తాళం వేసే మోతె గ్రామపు పెంటమ్మ, ఇన్ని మార్పుల నడుమ తాను మాత్రం మార్చుకోనిది ఒక్కటే: తొలికోడి గొంతు సవరించుకోక మునుపే వాకిట చాప పరచి, మోకాళ్లూని, వాడ మొత్తానికి వినిపించేలా దేవునితో మాట్లాడడం.

ఆ ప్రార్థనకు ఒక క్రమం ఉండేది. మొదట స్తుతి. అటు తరువాత వీధి మొదటి ఇంటి నుండి చివరి ఇంటి వరకు, ఒక్క గడపనూ దాటవేయకుండా, పేరు పేరునా విజ్ఞాపన. చివర, అరుగు మీద కూర్చున్న భర్త మత్తయ్య పలికే 'ఆమేన్'. సీసపద్యానికి ఎత్తుగీతి లేనిదే నిండుదనం రానట్లు, ఆ ఆమేన్ లేనిదే పెంటమ్మ ప్రార్థన ముగిసేది కాదు.

దీనివల్ల ఆ వీధికి దినపత్రికతో పని లేకపోయింది.

"ప్రభువా, స్వాతికి పరీక్షలున్నయి. జ్ఞాపకశక్తి ఇయ్యి. ఫోను మీది కండ్లు పుస్తకం మీదికి మళ్లియ్యి" అని ఆమె అనగానే ఎదురింట్లో దుప్పటి కింద వెలుగుతున్న ఫోను ఆరిపోయేది. "ప్రభువా, మా పౌలుకు బుద్ధి ఇయ్యి. నిన్న మల్ల కల్లు దుకాణం కాడ కనవడ్డడు" అనగానే మూడో ఇంట్లో పౌలు భార్య రంగి చీపురు వెదికేది. దేవుడు ఆ మొర ఆలకించేలోపే రంగి ఆలకించేది.

పెంటమ్మ మనసులో కల్మషం లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసే చేయి ఆమెది; నాట్ల దగ్గర కూలీలందరూ సద్దిమూటలు విప్పి మామిడికాయ తొక్కు వంక ఆశగా చూస్తుంటే, ముందు కృతజ్ఞత చెప్పనిదే ఎవరినీ ముద్ద ముట్టనివ్వని నోరు ఆమెది. ఎవరి బాధ విన్నా దానిని మరుసటి వేకువకు దేవుని సన్నిధిలో పెట్టడమే ఆమె ఎరిగిన స్నేహధర్మం. అందులో గుట్టుకు చోటుండాలన్న సంగతి ఒక్కటే ఆమెకు తట్టలేదు.

పెంటమ్మ ఇంటి గోడను ఆనుకొని, రోడ్డు వారగా, ఎరువుల దుకాణం గోపాల్ కట్టుకున్న మేడ ఉంది. ఆయన భార్య సుమిత్ర. పెంటమ్మకు ఆ ఇంట పని చేసిన చనువు ఉంది, సుమిత్రకు ఆమెతో మనసు విప్పే అలవాటు ఉంది. సుమిత్రకు షుగర్. వారం వారం మోకాళ్ల నొప్పికి వ్యాయామ చికిత్స అని చెప్పి ఆమె కోదాడ వెళ్లివస్తూ ఉండేది. ఆ చికిత్స జిలేబీ దుకాణంలో జరుగుతుందన్న రహస్యం పెంటమ్మకు ఒక్కదానికే తెలుసు.

ఒకనాటి వేకువ పెంటమ్మ కన్నీటితో మొరపెట్టుకుంది: "ప్రభువా, సుమిత్రమ్మకు షుగర్ తగ్గియ్యి. కోదాడ బస్టాండు కాడి జిలేబీ దుకాణం ఆమె కండ్లకు కానరాకుంట కావలి వెట్టు!"

మేడ మీద వేపపుల్లతో పళ్లు తోముకుంటున్న గోపాల్ ఆ పుల్లను సగం మింగాడు.

తెల్లారకముందే సుమిత్ర పెంటమ్మ వాకిట నిలిచింది.

"ఏందే పెంటమ్మా! నమ్మి చెవుల చెప్పిన ముచ్చటకు మైకు వెడ్తవా?"

"ఊర్ల చెప్పలే అమ్మా. దేవునికి చెప్పిన."

"దేవునికైతే మెల్లగ చెప్పరాదా? మీ దేవునికేమన్న చెవుడా? రేపటి సంది నా పేరు నీ నోట్లకెళ్లి రావొద్దు. నా పేరు, నా మొగని పేరు, నా బిడ్డ పేరు, ఏదీ రావొద్దు!"

అరుగు మీద మత్తయ్య ఇద్దరినీ చూసి నవ్వాడు. మేళ్లచెరువు సున్నపురాళ్ల లారీల దగ్గర బతుకంతా పనిచేసి, ఆ మోతకు వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఒక్క ముక్క కూడా వినలేదు. "నిలవడ్డవేందమ్మా, కూసో. చాయ్ తాగిపో" అన్నాడు ఎంతో మర్యాదగా.

చెవుడన్న మాట పెంటమ్మ గుండెలో ముల్లులా దిగింది.

మరునాటి నుండి ఆమె పెదవి కదలకుండా ప్రార్థించసాగింది. వీధి బతుకు తలకిందులైంది. స్వాతి పొద్దెక్కినా లేవలేదు. పాలు పిండవలసిన వేళ గేదెలే మనుషులను లేపవలసి వచ్చింది. పౌలు నిర్భయంగా కల్లు దుకాణానికి పోయివచ్చాడు. మత్తయ్య కష్టం మరీ పెద్దది. చీకటిలో భార్య ప్రార్థన ఎంతవరకు వచ్చిందో తెలియక, ఉండీ ఉండీ ఒక 'ఆమేన్' వదిలేవాడు. స్తుతి మధ్యలో ఒకటి, కోళ్ల గూడు తలుపు తెరిచినప్పుడు ఒకటి, పెంటమ్మ తుమ్మితే ఒకటి.

రంగి వచ్చి కాళ్లావేళ్లా పడింది. "అత్తా, నువ్వు మొత్తుకోకపోతే మా పిల్లలు లేస్తలేరే. బడి బస్సు పోతున్నది!"

"అలారం వెట్టుకో."

"అలారం ఆపితే ఆగుతది. నువ్వు ఆగవు గద!"

పెంటమ్మ నవ్వింది గాని గొంతెత్తలేదు. ఎత్తడానికి ఆమెకు వేరే అడ్డంకి వచ్చిపడింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో, ఇతరులను మేము క్షమించినట్లే మమ్మును క్షమించుమన్న చోటికి రాగానే ఆమె నాలుక ఎద్దు మొండికేసినట్లు నిలిచిపోయేది. ఒకనాడు ఆ మాట దాటి తరువాతి మాటకు దూకింది. దూకిన సంగతి దేవుడు చూడనే చూశాడని తోచి, సిగ్గుతో వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే నిలిచిపోయింది.

గోడకు అవతల సుమిత్రకూ నిద్ర లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లులో పనిచేసే అల్లుడు మహేష్ తెచ్చి దింపగా, కూతురు మనస్విని తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పుట్టినప్పటినుండి ఆ పిల్ల పేరు పలకకుండా పెంటమ్మ ప్రార్థన ముగిసిన వేకువ లేదు. ఇప్పుడు అసలు వేళ వచ్చేసరికి ఆ పేరు ఆగిపోయింది. ఆపించింది తానే! సుమిత్ర తులసికోట దగ్గర దీపం పెట్టి, చెంబులో నీళ్లు పోసే నెపంతో గోడకు చెవి ఆనించేది. అటు నుండి మత్తయ్య దారితప్పిన ఆమేన్ తప్ప ఏమీ వినిపించేది కాదు.

"పోయి అడుగరాదే" అన్నాడు గోపాల్.

"వద్దన్నదాన్ని నేనే పోయి అడుగుదునా? నాకు మొఖం లేదా?"

"ఉన్నది. గోడకు ఆనిచ్చి ఆనిచ్చి సున్నం అంటింది."

అంతలో ఆదివారం వచ్చింది. పెంటమ్మ దేవుని కుండను తలకెత్తుకొని మందిరానికి వెళ్లి, ప్రసంగవేదిక ముందు దించింది. పాస్టరు సాంసన్ ఆనాడు ఎత్తుకున్న వాక్యం మరేదీ కాదు: కానుకతో బలిపీఠం దగ్గరకు వచ్చినవాడు, తోటివానికి తనమీద కోపం ఉన్నదని జ్ఞాపకం వస్తే, కానుక అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలన్నది. పాస్టరు మూల భాషలో ఆ మాటకు గల అర్థం వివరించబోతుండగా పెంటమ్మ దిగ్గున లేచింది.

"అయ్యా, బియ్యం గాడ్నే ఉండనియ్యి. ఇప్పుడే వస్త!"

ప్రసంగాలు ఆలకించినవారిని సాంసన్ ఎందరినో చూశాడు. వాక్యం ముగియక మునుపే లేచి పరుగెత్తి పాటించినవారిని చూడడం ఆయనకు అదే మొదలు. 

ఆమె గుమ్మం దాటేసరికి ఎదురుగా ఒక కారు కీచుమంటూ ఆగింది. నడిపేది ఆదివారమని భార్యను చూడవచ్చిన మహేష్, అతని చేతులు స్టీరింగు మీద, ప్రాణం వెనుక సీటులో. అక్కడ మనస్విని నొప్పులు పడుతోంది. సుమిత్ర తలుపు తెరుచుకొని దూకింది. ఇద్దరు స్త్రీలూ ఒక్కసారే అందుకున్నారు.

"అమ్మా, నీ మీద పగ వట్టుకున్న. నన్ను మాఫ్ జెయ్యి..."

"పెంటమ్మా, ఆ మాట నేను అనొద్దుండె..."

"గుట్టు బయటేసింది నేను గద..."

"జిలేబీ తిన్నది నేను గద!"

"అత్తమ్మా!" మహేష్ అరిచాడు. "మాఫీలు సూర్యాపేటల చెప్పుకుందురు. దవాఖాన మూసేటట్టున్నది మీతోని!"

"దవాఖాన మూయరు తియ్యి. పెంటమ్మా, ఎక్కు కారు. నా బిడ్డ పేరు చెప్పు!"

పెంటమ్మ ఎక్కింది. మనస్విని చేయి పట్టుకొని, ఈమధ్య అలవాటైన మెల్లని గొంతుతో మొదలుపెట్టింది.

"గట్టిగ!" అంది సుమిత్ర. "గట్టిగ చెయ్యవే!"

నొప్పికీ నొప్పికీ నడుమ మనస్విని నవ్వాపుకోలేకపోయింది. "ఎందుకమ్మా? దేవునికి చెవుడా?"

సుమిత్ర ముఖం ఎర్రబడింది. పెంటమ్మ ఆ పిల్ల నుదుటి చెమట తుడిచింది. "దేవునికి కాదు బిడ్డా, మా ముసలాయనకు. ఇద్దరం కలిసి చేసే ప్రార్థన గద. ఆయనకు ఇనవడితేనే ఆమేన్ అంటడు."

సుమిత్ర పెంటమ్మ చేతిని రెండు చేతులా పట్టుకొని ఒడిలో పెట్టుకుంది.

అప్పుడు పెంటమ్మ గొంతెత్తింది. అన్నాళ్లూ ఆనకట్ట వెనుక నిలిచిన నీరంతా ఒక్కసారి తూము తోసుకొని వచ్చినట్లు వచ్చింది ఆ ప్రార్థన. ఆగిపోయిన క్షమాపణ మాట తడబడకుండా దాటింది. మనస్విని పేరు, సుమిత్ర పేరు, గోపాల్ పేరు, మహేష్ పేరు, ఎదురొచ్చిన లారీ డ్రైవరు క్షేమం, గేరు మారిస్తే మూలిగే ఆ కారు ఆరోగ్యం, అన్నీ దేవుని సన్నిధికి చేరాయి. మలుపు మలుపుకూ సుమిత్ర "అవును దేవుడా, అవును" అంటూనే ఉంది. మహేష్ కూడా అన్నాడు గాని, అతడు ఏ దేవునికి అన్నాడో అతనికే తెలియదు.

కాన్పు గది బయట నర్సు వేలెత్తి చూపింది. "ఏయ్ అమ్మా, ఇది దవాఖాన! సప్పుడు చెయ్యొద్దు!"

అంతలో లోపలినుండి వచ్చిన కేక ముందు పెంటమ్మ గొంతు పిల్లిపిల్ల కూత అయిపోయింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం.

"నీ గొంతే వచ్చిందే దీనికి!" అని సుమిత్ర నవ్వుతూ ఏడ్చింది.

మిఠాయి డబ్బాలతో మహేష్ పెంటమ్మను మోతెలో దింపేసరికి ఎండ వాలుతోంది. మందిరం తలుపు తెరిచే ఉంది. సంఘమంతా లోపలే ఉంది. తెలిసిన కీర్తనలన్నీ పాడేసి, తెలియనివి మొదలుపెట్టారు.

"ఇంక పోలేదా అయ్యా మీరు?" అంది పెంటమ్మ నివ్వెరపోయి.

"ఇప్పుడే వస్తనంటివి గదమ్మా. కానుక ఎత్తకుంట ఆశీర్వాదం ఎట్ల జెప్పాలె?" అన్నాడు సాంసన్, ఆకలితో సన్నబడిన గొంతుతో.

"అత్తా, కల్లు లేకుంట ఇంతసేపు ఉండుడు నా జన్మల ఇదే మొదలు" అన్నాడు పౌలు.

కుండ ఎత్తారు, ఆశీర్వాదం చెప్పారు, జిలేబీలు పంచారు.

మరునాటి వేకువ వాకిట మళ్లీ గొంతు లేచింది. దీపాలు వెలిగాయి, గేదెలు లేచాయి, రంగి చీపురు అందుకుంది. వరుస మేడ దగ్గరకు రాగానే వీధి మొత్తం చెవులు రిక్కించింది.

"ప్రభువా, సుమిత్రమ్మ సంగతి నీకు ఎరుకే. ఇగ నేను చెప్ప."

"జర చెప్పరాదే పెంటమ్మా!" అన్నాడు మేడ మీదినుండి గోపాల్.

గోడ అవతలినుండి గలగలమని నవ్వు, ఆ నవ్వు వెనుకే మత్తయ్య చెవులకు సైతం అందేటంత గట్టిగా సుమిత్ర గొంతు: "ఆమేన్!" ఎవరో తన పని అందుకున్నారని తెలిసి, మత్తయ్య ఉలిక్కిపడి, అంతకంటె గట్టిగా తన ఆమేన్ తాను పలికాడు.

ఆ వాకిటి చాప అరుగకుండును గాక. ఆ దేవుని కుండ వెలితి ఎరుగకుండును గాక. మత్తయ్య చెవికి అందేటంత గొంతు పెంటమ్మకు కడవరకు నిలుచును గాక. ఆ గొంతు విని ప్రవళిక కూడా ఒక వేకువ చాప పరచును గాక. ఆ గడపకు నవ్వు తోరణమై, సమాధానము పైకప్పై, ఆ ఇంటివారు తరతరములు వర్ధిల్లుదురు గాక.