పక్కవాళ్ళ మొక్కలకు నీళ్ళు

మొన్న మంగళవారం పొద్దున బేగంబజార్‌లో మా తమ్ముడి గిన్నెల దుకాణానికి పోయి, ఛాయ్ కాచే పెద్ద గంజు ఒకటి అడిగి తీసుకొని, అది ఒళ్ళో పట్టక కాళ్ళ దగ్గర నిలబెట్టుకొని, ఆటోలో విశ్వవిద్యాలయం దాకా వెళ్ళాను. లెక్చరర్‌గా రిటైరై ఇన్నేళ్ళయ్యాక నాకు అక్కడేం పని అంటారేమో, మా చెల్లెలి మనవరాలు అక్కడే పరిశోధన చేస్తున్నది, ప్రస్తుతానికి పరిశోధన పక్కన పెట్టి రెండు వారాలుగా తోటి స్కాలర్లతో కలిసి గేటు ముందు షామియానా కింద సమ్మెలో కూర్చున్నది. వాళ్ళకిచ్చే ఫెలోషిప్పు చాలదని, ఆ వచ్చేది కూడా నెలనెలా రాదని, హాస్టల్లో గదులు లేక బయట ఉందామంటే వచ్చిందంతా ఇంటి ఓనరు చేతిలో పోయవలసి వస్తున్నదని వాళ్ళ గోడు. ఆ పిల్ల మా మేడ మీది గదిలో ఉంటూ రోజూ రెండు బస్సులు మారి పోయి రావడం కూడా అందుకే. అంతమందికి ఛాయ్ కాయడానికి వాళ్ళ గిన్నె సరిపోవడం లేదని ముందురోజు అన్నది, గిన్నెల దుకాణం ఇంట్లో పుట్టినదాన్ని ఆ మాత్రం చేయలేనా అనుకొని బయలుదేరాను.

పిల్లలు గంజు దించుకున్నారు, నాకు కుర్చీ వేశారు, మొదటి ఛాయ్ నా చేతికే ఇచ్చారు. ముచ్చటగానే ఉందనుకుంటూ చుట్టూ చూస్తుంటే షామియానా గుంజకు కట్టిన చార్టు ఒకటి కంటబడింది. గళ్ళు గీసి, రోజుకు ఇద్దరి పేర్ల చొప్పున, ఎవరు లోపలికి పోయి ఏ మొక్కలకు నీళ్ళు పోయాలో, ఏ ఎలుకలకు మేత వేయాలో, ఎవరి సీసాలు మార్చాలో వివరంగా రాసుంది. అన్నిటికీ కింద ఎర్ర ఇంకుతో, లోపల రిజిస్టరులో ఎవరూ సంతకం పెట్టొద్దని రాసుంది. ఆ ఎర్ర అక్షరాలు చదివి ఛాయ్ గ్లాసు కుర్చీ కింద పెట్టేశాను.

నేను ఆ చార్టునే చూస్తుంటే మురిసిపోతున్నాననుకొని మా మనవరాలు వచ్చి విడమర్చి చెప్పింది. "మన పని మనం జేస్కోవద్దు అమ్మమ్మా, గదే రూల్. లోపలికి పోయినోళ్ళు పక్కోళ్ళ పని జేసి రావాలె. లేకుంటే బయట కూసున్నోళ్ళకు ఫికర్ బట్టుకుంటది, ఒకలెనక ఒకలు లోపలికి పోతరు." ఆ వారం దాని వంతుకు వచ్చినవి ఎవరివో తెలుసా, రోజూ రాత్రి అన్నం ముందు కూర్చొని గైడు ఆ పిల్లనే మెచ్చుకుంటాడని, ఆ పిల్ల పేపరే ముందు చదువుతాడని మా మనవరాలు నా దగ్గర తిట్టిపోసే తోటి స్కాలరు మిరప మొక్కలు. వాటికి నీళ్ళు పోసి వచ్చి నా పక్కన చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నాకు కలిగింది సంతోషమని రాసుకుంటే బాగుండును గానీ, అది పచ్చి అసూయ.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో పరిశోధన అంటే గైడు గారి పరీక్ష పేపర్లు దిద్దడం, ఆయన పిల్లలకు లెక్కలు చెప్పడం, ఆయన ఇంట్లో పెళ్ళి అయితే శుభలేఖల మీద పేర్లు రాయడం, ఇవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో మన పని చూసుకోవడం. దాన్ని మేం కష్టమని అనుకోలేదు, అదే పద్ధతి అనుకున్నాం. నాకు తోడుగా అదే గైడు దగ్గర, అదే బల్ల మీద పనిచేసిన స్నేహితురాలు ఒకతె ఉండేది. జిల్లా నుంచి వచ్చిన పిల్ల, తండ్రి రైతు. హాస్టల్లో గది దొరక్క లాడ్ బజార్ వెనక ఒక పాత ఇంటి మిద్దె మీద ఇంకో ముగ్గురితో కలిసి ఒకే గదిలో ఉండేది. కింద లక్కగాజులు చేసే కార్ఖానా, పొద్దస్తమానం బొగ్గుల కుంపట్లు మండుతుండేవి కాబట్టి చలికాలంలో హాయిగా, ఎండాకాలంలో అరికాళ్ళు నేల మీద ఆనకుండా ఉండేది. ఆమె పుస్తకాలు తెరిస్తే లక్క వాసన వచ్చేది.

నాకైతే అద్దె బాధ లేదు. సొంత ఇల్లు, వేళకు అన్నం, స్టైపెండు ఆరు నెలలు రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. అన్నీ ఉన్నదాన్ని నేను, ఏమీ లేనిది ఆమె, అయినా ఆమెను చూస్తే నాకే ఓర్వలేనితనం. మా ఇంటికి వస్తే నాన్న దుకాణం మూసి వచ్చి ఆమెతో పంటల సంగతులు మాట్లాడుతూ కూర్చునేవాడు, నాతో ఎన్నడూ అంతసేపు మాట్లాడి ఎరుగడు. పెనం మీది మొదటి రొట్టె అమ్మ ఆమె పళ్ళెంలో వేసేది. గైడు సరేసరి, నేను పది పేజీలు రాసి ఇస్తే సొరుగులో పడేసి, ఆమె రెండు పేజీలు రాస్తే కళ్ళజోడు పెట్టుకొని చదివేవాడు. ఇవన్నీ మనసులో పెట్టుకొని ఆమెతో కలిసి నవ్వుతూ తిరిగాను, ఆ విద్య నాకు బాగా వచ్చు.

మూడో ఏడు ఎండాకాలంలో మా సమ్మె మొదలైంది. కోరికలు ఇప్పటివే, స్టైపెండు పెంచాలి, వేళకు ఇవ్వాలి, ఉండటానికి గదులు కావాలి. నేను కూర్చున్నది ఆ కోరికల కోసం కాదు, ఆమె కూర్చున్నదని, నేను కూర్చోకపోతే బాగుండదని. ఆమె ఒకరోజు గేటు పక్క అరుగు ఎక్కి మాట్లాడింది. పొద్దున లేస్తే కింద కుంపటి, బయట ఎండ, లోపల గైడు, మూడు దిక్కులా కాలుతున్నాం గానీ ఇంకా గాజులం కాలేదని ఆమె అంటే నవ్వి నవ్వి అందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దారిన పోయే బస్సు డ్రైవరు సైతం ఆపి విన్నాడు. నేనూ అందరితో పాటు చప్పట్లు కొట్టాను, నా చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను, లోపల మాత్రం ఆ అరుగు మీద నేనెందుకు లేనన్న మంట.

మా ఇద్దరి పని బూజు మీద. బూజు అంటే నవ్వకండి, గాజు గొట్టాల్లో గట్టిపడ్డ గంజి లాంటి మేత మీద దాన్ని పెంచి, వేళకు కొత్త గొట్టాల్లోకి మార్చుతుండాలి, లేకపోతే మేత ఎండి అది చచ్చిపోతుంది. నా గొట్టాల్లో ఉన్నది మార్కెట్టులో కుళ్ళిన బత్తాయిల మీద దొరికినది, పోయినా మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆమె గొట్టాలు పదకొండు, ఆమె జిల్లాలో ఎండుతెగులు సోకిన కందిచేలల్లో మూడేళ్ళు తిరిగి తెచ్చినవి, అవి పోతే మళ్ళీ పంట వేసి, మళ్ళీ తెగులు సోకేదాకా కాచుకోవాలి. ఆ ఏడు గొట్టాలను చల్లగా దాచే మా ఫ్రిజ్ కూడా చెడిపోయి ఉంది. సమ్మెలో ఎవరూ లోపలికి అడుగుపెట్టొద్దన్నది కట్టుబాటు, కాబట్టి గేటు ముందు కూర్చున్నవాళ్ళందరి నోట్లో నినాదాలున్నా, మనసులు మాత్రం ఎవరి గొట్టాల దగ్గర వాళ్ళవి ఉండేవి. ఆమె ఒక్కతే ఒకసారి పైకి అన్నది, "సస్తే సస్తయి, మనం బతకాలె గద ముందు."

తొమ్మిదో రోజు పొద్దున నేను ఆగలేకపోయాను. వెనక గేటు నుంచి పోయాను, మా అటెండరు నన్ను చూసి ఏమీ అనకుండా తాళం తీశాడు. తలుపు పక్కన స్టూలు మీద హాజరు రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. మూడేళ్ళుగా లోపలికి పోయేముందు ఆ పెన్ను ముట్టకుండా ఒక్కరోజు పోయింది లేదు, ఆ రోజూ నా చెయ్యి దానంతట అది పోయి సంతకం పెట్టి వేళ వేసింది, పెట్టానన్న సంగతే నాకు తెలియలేదు. లోపల స్పిరిటు దీపం వెలిగించి, నా గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా మార్చి, కొత్త దూది బిరడాలు పెట్టి, తారీఖు రాసి వరసగా నిలబెట్టాను.

పక్క స్టాండులో ఆమె గొట్టాలున్నాయి. అంచుల్లో మేత అప్పటికే ముడుచుకుంటున్నది, ఇంకా ప్రాణం పోలేదు. కొత్త గొట్టాలు ఇంకా మిగిలి ఉన్నాయి, దీపం వెలుగుతూనే ఉంది, ఎవరూ తరమడం లేదు, పదకొండు మార్చడానికి అరగంట చాలు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకులు చాలా ఉన్నాయి, ఆమె వస్తువు అడగకుండా ముట్టకూడదని, ముట్టి పాడుచేస్తే మాట వస్తుందని. అవేవీ నిజం కాదు. ఇవి పోతే ఆమె మళ్ళీ పంట దాకా ఏమీ రాయలేదు, అన్నాళ్ళైనా గైడు నా పేజీలు చదవాల్సి వస్తుంది కదా అనుకున్నాను. దీపం ఊది, చేతులు కడుక్కొని, వెనక గేటు నుంచే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

మర్నాడు ఆఫీసు గుమాస్తా ఆ రిజిస్టరు చంకన పెట్టుకొని గేటు దగ్గరికి వచ్చి, మీలో పనిలోకి వచ్చినవాళ్ళున్నారని నా పేరు పైకి చదివాడు. అందరి తలలు నా వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడి, "ఏంది గట్ల జూస్తున్రు, అటు దిక్కు పోతే చేతి అలవాటుకు సంతకం పడి ఉంటది. మనల ఎవలం జేయలేదు గట్ల? ఆమె పనిలకు పోలె, ఈడనే కూసున్నది" అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుస్తుంటుంది. కానీ అందరికీ ఒక్కటే భయం పట్టుకుంది, పోయినదాని పని బతికింది, కూర్చున్నవాళ్ళ పని పోతున్నది అని. ఆ సాయంత్రం ఇద్దరు లోపలికి పోయారు, తెల్లారి ఆరుగురు. మూడో రోజుకు షామియానావాడు వచ్చి గుంజలు పీక్కుపోయాడు, ఏ కోరికా తీరలేదు.

మేమిద్దరం కలిసే ల్యాబులోకి పోయాం. ఆమె తన స్టాండు ముందు నిలబడింది. గొట్టాల్లో మేత ఎండి, పగిలి, గాజును విడిచిపెట్టి ఉంది. తర్వాత నా స్టాండు వైపు చూసింది, తెల్లని దూది, కొత్త తారీఖు, పచ్చగా లేచిన బూజు. నన్ను తిడుతుందని కాచుకున్నాను, తిడితే ఏడ్చి కాళ్ళు పట్టుకుందామని కూడా అనుకున్నాను. "నీయి మంచిగున్నయి" అన్నది, అంతే. మళ్ళీ పంట దాకా ఆగడానికి ఆమెకు స్తోమతు లేదు, మిద్దె మీది గదికి అద్దె పెంచారు. నెల తిరగకముందే జిల్లాలో బడిపంతులమ్మ ఉద్యోగం చూసుకొని పరిశోధన వదిలి వెళ్ళిపోయింది. రెండు ఉత్తరాలు రాసింది, మా అమ్మానాన్నలను అడిగింది, నాకు పట్టా వచ్చిందా అని అడిగింది. నేను జవాబు రాయలేదు, ఏ మొహం పెట్టుకొని రాయను.

నాకు పట్టా వచ్చింది, కొలువు వచ్చింది, నా పేరు ముందు డాక్టరని రాసుకుంటే ఎవరూ కాదనలేదు. ఆమెను చూసి నేను పడ్డ కుళ్ళు అక్కడితో ఆగిపోవాలి కదా, ఆగలేదు. ఎవరికీ ఏ అన్యాయమూ చేయకుండా ఏదో ఊళ్ళో పలకల మీద అక్షరాలు దిద్దిస్తున్నదని, హాయిగా నిద్రపోతుందని దానికీ అసూయపడ్డాను.

మంగళవారం షామియానా కింద కూర్చొని ఆ పిల్లలను చూస్తే అందుకే ఓర్చుకోలేకపోయాను. వాళ్ళ చేతుల్లోని ఫోన్లు చూసి కాదు, వాళ్ళ వయసు చూసి కాదు, మాకు లేని ధైర్యం చూసి అసలే కాదు, ధైర్యం మా గేటు ముందు కూడా ఉండేది, నా పక్కనే కూర్చుంది. ప్రతి మనిషిలోనూ నాలాంటిది ఒకతె ఉంటుందని వాళ్ళకు ముందే తెలిసినట్టు, ఆమెను ఒంటరిగా పంపకుండా, ఆమె చేతికి ఆమె సొంత పని ఇవ్వకుండా, సంతకం పెట్టొద్దని గుర్తుచేసి మరీ పంపుతున్నారు. ఒక అట్ట ముక్క, నాలుగు గీతలు, ఎర్ర ఇంకు, ఇంతే కదా కావలసింది. మాకెందుకు తోచలేదో నాకిప్పటికీ అర్థం కాదు. మీ కాలంల గిట్ల లేకుండెనా అమ్మమ్మా అని మా మనవరాలు అడిగితే, లేకుండె అని మాత్రం అన్నాను.

వాళ్ళ సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది, మా తమ్ముడి గంజు అక్కడే ఉంది. నిన్న చీకటి పడ్డాక మా మనవరాలు ఇల్లు చేరి, చెప్పులు విడవకముందే గుమ్మంలో నిలబడి, ఆ పిల్ల మిరప మొక్కల్లో ఒకటి పూత పట్టిందని, తానే ముందు చూసిందని, ఉరికి పోయి ఆ పిల్లను గేటు దగ్గర వాటేసుకొని చెప్పిందని ఒక్క ఊపిరిలో చెప్పింది. దాని మొహం వెలిగిపోతున్నది. నాకు ఆ వెలుగు చూడబుద్ధి కాలేదు, రొట్టెలు కాలుస్తానని వంటింట్లోకి పోయి, పెనం మీది మొదటి రొట్టె దాని పళ్ళెంలో వేయాలో నా పళ్ళెంలో వేయాలో తెలియక అట్లకాడ పట్టుకొని నిలబడ్డాను.